విశ్వాసం ఎవరిది?

మా ఇంటికి వచ్చిన పదకొండో రాత్రి ఎల్లి వెల్లకిలా పడుకుంది. నాలుగు కాళ్లూ గాల్లోకి వదిలేసి, పొట్ట బయటపెట్టి, వంటింటి గడప పక్కన పరిచిన గోనెసంచి మీద. అర్ధరాత్రి మంచినీళ్ల కోసం లేచి లైటు వేశాను. అది లేవలేదు. ఒక కన్ను సగం తెరిచి నన్ను చూసి, నేనే అని తేల్చుకుని, మళ్లీ మూసుకుంది.

అంతకు ముందు పది రాత్రులూ అది మెట్ల కింద, స్కూటరు వెనకాల, గోడకు వీపు ఆనించి పడుకునేది. వంటింట్లో గిన్నె కింద పడితే చాలు, ఉలిక్కిపడి లేచేది. మా అమ్మ పొద్దున్నే చీపురు చేతిలోకి తీసుకుంటే వణికి అక్కడే తడిపేసేది. అన్నం గిన్నె పెట్టి మేం పక్కకు పోతే తప్ప మూతి పెట్టేది కాదు. అలాంటి కుక్క ఆ రాత్రి తన ఒంట్లో అన్నిటికంటే మెత్తటి చోటును పైకి పెట్టి నిద్రపోయింది. భయం ఉన్న కుక్క అలా పడుకోదు.

సంతోషించాల్సిన సంగతే. సంతోషించాను కూడా. ఫోటో తీసి మా అక్కకు పంపాను. కానీ వచ్చి మంచం మీద వాలాక నిద్ర పట్టలేదు. ఒక ప్రశ్న వచ్చి పక్కన కూర్చుంది. దీనికి మనుషులంటే ఉన్న భయం పోగొట్టి నేను మంచి పనే చేశానా?

ఈ ప్రశ్న వింతగా వినిపిస్తుందని తెలుసు. అది ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే ఆ జనవరి సంగతి చెప్పాలి.

2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. రోడ్లు, మోరీలు, నీళ్లతో పాటు కోతుల బెడద, కుక్కల బెడద తీరుస్తామన్న మాట కూడా చాలా ఊళ్లలో వినిపించింది. 2026 జనవరిలో పత్రికల్లో వరుసగా వార్తలు వచ్చాయి. ముందు హనుమకొండ జిల్లా నుంచి, తర్వాత మా కామారెడ్డి జిల్లా నుంచి. కొన్ని ఊళ్లలో వీధికుక్కలను విషపు ఇంజక్షన్లు ఇప్పించి చంపించారని, మా జిల్లాలోనే రెండు వందల దాకా చచ్చాయని జంతు సంరక్షణ కార్యకర్తలు ఫిర్యాదు చేశారు. పోలీసులు కేసులు పెట్టారు. ఎవరు చేయించారు, ఎన్ని చచ్చాయి అన్నది తేల్చాల్సింది కోర్టులు. నేను చెప్పేది ఆ వార్త మా ఇంట్లోకి ఎలా వచ్చిందన్నది.

మా అక్కది ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లె. సంక్రాంతి మర్నాడు ఫోన్ చేసింది. "తమ్మీ, మా వాకిట్ల ఒక కుక్క ఉంటది గదా, చెవు తెగింది. దాన్ని నువ్వు తీస్కపోతవా?" అంది. ఏమైందని అడిగాను. "మా ఊర్ల ఏం కాలే. కానీ మాటలు నడుస్తున్నయి. నాకు రాత్రి నిద్ర పడ్తలేదు. అది ఎవరు పిలిచినా పోతది."

ఆ చివరి మాట నాకు అప్పుడు సరిగా పట్టలేదు. తర్వాత పట్టుకుని వదల్లేదు.

బస్సులో కుక్కను ఎక్కించుకోరు కాబట్టి తెలిసినవాళ్ల ట్రాలీ ఆటో మాట్లాడుకుని లింగంపేట మీదుగా పోయాను. ఏడాది వయసుండే ఆడకుక్క, ఇటుక రంగు, ఎడమ చెవి కొస తెగి ఉంది. అక్క సద్దన్నం చేతిలో పట్టుకుని పిలిస్తే వచ్చింది. మెడకు తాడు వేస్తుంటే మాత్రం అక్కనే చూస్తూ ఉంది. మా బావ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

"మంచిగనే ఉన్నది బామ్మర్దీ. నువ్వొకదాన్ని తీస్కపోయి పుణ్యం కట్టుకుంటవు. ఇంక పదకొండు ఉన్నయి. వాటితోని మేముండాలె."

నేనేమీ అనలేదు. అనడానికి నా దగ్గర ఏమీ లేదు.

తాడు ముడి చూసి ఆయనే మళ్లీ అన్నాడు. "ఒక్కటి చెప్తా విను. కరిచేది దొరకదు. దొరికేది కరవదు."

కామారెడ్డి చేరేలోపు అది రెండుసార్లు కక్కుకుంది. మర్నాడు పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా, నులిపురుగుల మందు వేయించాం. ఎల్లారెడ్డి నుంచి వచ్చింది కాబట్టి మా పాప దానికి ఎల్లి అని పేరు పెట్టింది. మా అమ్మకు నచ్చలేదు. "ఎల్లమ్మ తల్లి పేరు కుక్కకు పెడ్తరా బిడ్డా?" అంది. మల్లన్న దగ్గర కుక్క ఉంటుంది కదా నానమ్మా అని పాప వాదించింది. అమ్మ రెండు రోజులు దాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. మూడో రోజు "ఎల్లవ్వా, జర జరుగు" అనడం విన్నాను.

ఇక ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను.

మనం కుక్కను విశ్వాసం గల జంతువు అంటాం. బడిలో రాసిన మొదటి వ్యాసంలోనే ఈ వాక్యం ఉంటుంది. విశ్వాసం అన్న మాటకు మన భాషలో రెండు ముఖాలున్నాయి. ఒకటి నమ్మడం. రెండోది నమ్మకంగా ఉండడం. దేవుడి మీద విశ్వాసం అన్నప్పుడు మొదటిది, విశ్వాసఘాతకుడు అన్నప్పుడు రెండోది. కుక్క దగ్గరికి వచ్చేసరికి మనకు రెండో అర్థమే గుర్తొస్తుంది. తిన్న ఇంటికి కాపలా కాస్తుంది, యజమానిని వదలదు, కొట్టినా తిరిగి వస్తుంది. అంటే మన లెక్కలో విశ్వాసం కుక్క మనకు చెల్లించే బాకీ. తిండి పెట్టాం, అది విశ్వాసం చూపింది, చెల్లుకు చెల్లు.

ఎల్లి వెల్లకిలా పడుకున్న రాత్రి నాకు కనిపించింది మొదటి అర్థం. అది నాకేమీ చెల్లించలేదు. నన్ను నమ్మింది, అంతే. నమ్మడంలో ఉన్న ప్రమాదం అంతా దానిదే. నేను మంచివాణ్ణని దానికి రుజువేమీ లేదు. పదిరోజుల అన్నం తప్ప.

ఆనెట్ బేయర్ అనే తత్వవేత్త 1986లో నమ్మకం గురించి ఒక వ్యాసం రాసింది. నీతిశాస్త్రం రాసినవాళ్లు ఎక్కువగా సమానుల మధ్య ఒప్పందాల గురించే ఆలోచించారనీ, పసిబిడ్డ తల్లిని నమ్మడం లాంటి, బలంలో పొంతన లేనివాళ్ల మధ్య నమ్మకాన్ని పట్టించుకోలేదనీ ఆమె అభియోగం. ఆమె చెప్పిన దాని సారం ఇది. నమ్మడమంటే అవతలివాళ్లు మనకు హాని చేయగలిగే చోట మనల్ని మనం ఉంచుకోవడం, చేయరన్న ఆశతో. అందుకే నమ్మకం మంచిదా చెడ్డదా అన్నది నమ్మినవాళ్లను చూస్తే తేలదు. దాన్ని అందుకున్నవాళ్లు ఏం చేశారో చూడాలి.

ఇప్పుడు మా బావ మాట మళ్లీ వినండి. కరిచేది దొరకదు, దొరికేది కరవదు. మనుషులను చూసి పారిపోయే కుక్క, పళ్లు చూపించే కుక్క ఎవరి చేతికీ అందదు. పిలిస్తే తోక ఊపుకుంటూ వచ్చేది, బిస్కెట్ చూపిస్తే కూర్చునేది, పిల్లలు చెవులు లాగినా ఊరుకునేది, అదే మొదట దొరుకుతుంది. ఊరి భద్రత కోసం అని మొదలయ్యే ఏ ఏరివేత అయినా ముందుగా ఊరికి అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న కుక్కనే తీసుకుపోతుంది. మిగిలేవి భయపడేవి, కరిచేవి. మా అక్క భయం ఇదే. "ఎవరు పిలిచినా పోతది."

మరి నేను చేసిందేమిటి? ఎల్లికి కొంచెం మిగిలిన భయాన్ని కూడా తీసేశాను. చీపురు చూసి వణకనక్కర్లేదని నేర్పాను. మనిషి చెయ్యి పైకి లేస్తే అది దెబ్బ కోసం కాదు, తల నిమరడానికని నేర్పాను. ఆ పాఠం మా ఇంట్లో నిజం. గేటు అవతల అది నిజమో కాదో నేను హామీ ఇవ్వగలనా?

ఇక్కడ కుక్కల వైపే నిలబడి మాట్లాడితే సగమే చెప్పినట్టు. మా వీధి చివర ఇళ్లలో పనిచేసే ఒకావిడ ఉంది. రెండేళ్ల క్రితం ఆమె కొడుకును, ఎనిమిదేళ్లవాణ్ణి, బడి నుంచి వస్తుంటే కుక్క పిక్క పట్టుకుంది. సర్కారు దవాఖానకు నాలుగుసార్లు తిప్పింది. నాలుగు రోజుల కూలి పోయింది. వాడు ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచి పోవాలంటే అవతలి పక్కకు దాటుతాడు. ఎల్లి వచ్చాక ఆమె గేటు దగ్గర నిలబడి "మీకేంది సారూ, మీకు గేటుంది" అంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది.

ఆమె చెప్పింది నిజం. వీధికుక్కల మీద దయ చూపేది తరచుగా గేటున్నవాళ్లు. కాట్లు పడేది గేటు లేనివాళ్లకు. చీకటితో లేచి పాలు, పేపర్లు వేసేవాళ్లకు, రాత్రి డ్యూటీ దిగి నడిచొచ్చేవాళ్లకు, ఆరుబయట ఆడుకునే పిల్లలకు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడు కుక్కల దాడిలో చనిపోయాడు. తండ్రి కాపలా పనిచేసే చోటికి తోడు వెళ్లిన పిల్లవాడు. బతుకుతెరువు కోసం మా వైపు నుంచే పోయిన కుటుంబం. కెమెరాలో రికార్డయిన ఆ దృశ్యాన్ని చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతికి బయటపడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఊళ్లో కుక్కలంటే భయపడే తల్లిని క్రూరురాలు అనే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి ప్రశ్న మనిషి ప్రాణం ఎక్కువా కుక్క ప్రాణం ఎక్కువా అన్నది కాదు. ఆ పిల్లవాడి పిక్కకూ ఎల్లి పొట్టకూ మధ్య పోటీ పెట్టే ప్రశ్న తప్పు ప్రశ్న. అసలు ఈ రెండు ప్రాణులూ ఇలా ఒక వీధిలో, ఒకరికొకరు భయపడుతూ ఎందుకున్నాయి?

కుక్క అడవి నుంచి తప్పిపోయి ఊళ్లోకి వచ్చిన జంతువు కాదు. జర్మనీలో బాన్ దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. దాదాపు 14 వేల ఏళ్ల కిందటిది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల. ఆ ఎముకలను, పళ్లను మళ్లీ పరీక్షించినవాళ్లు 2018లో ఒక సంగతి చెప్పారు. ఆ కుక్కపిల్లకు డిస్టెంపర్ అనే జబ్బు చేసింది, మనుషులు వారాల తరబడి సాకకపోతే అది అన్నాళ్లు బతికి ఉండేది కాదు. వేటకూ కాపలాకూ పనికిరాని రోగిష్టి పిల్ల. ఎవరో దాని మూతి తుడిచి, నీళ్లు పట్టి, చచ్చిపోయాక తమవాళ్లతో పాటు పూడ్చిపెట్టారు. మన కశ్మీరులో బుర్జహోం దగ్గర కూడా కొత్త రాతియుగం సమాధుల్లో మనుషులతో పాటు కుక్కల ఎముకలు దొరికాయి.

అంటే మనిషిని నమ్మడం కుక్కకు నేనూ మా అక్కా నేర్పిన పాఠం కాదు. వేల ఏళ్లుగా మన పూర్వీకులు దాని రక్తంలోకి ఎక్కించారు. మనిషి చెయ్యి చూస్తే దగ్గరికొచ్చే వాటిని దగ్గర ఉంచుకున్నారు, రానివాటిని తరిమేశారు. తరం తర్వాత తరం ఆ ఎంపిక జరిగి తయారైన ప్రాణి కుక్క. అలా తయారుచేశాక సగంలో వదిలేశాం. వీధికుక్క అంటే మనం ఇచ్చి నిలబెట్టుకోని మాట. ఎంగిలి అన్నం వేస్తాం, ఇంట్లోకి రానివ్వం. రాత్రి మొరిగితే మంచిదంటాం, మనల్ని చూసి మొరిగితే రాయి తీస్తాం. పిల్లలను పెడితే ముద్దొస్తాయి, పెద్దయితే బెడద. సుమతీ శతకం కుక్కను బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టి, అయినా దాని గుణం మారదని తేల్చింది. నిజంగా కూర్చోబెట్టి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎల్లికి సింహాసనం అక్కర్లేదు. గోనెసంచికే మారింది.

మన భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని ఎప్పుడూ అనిపిస్తుంటుంది. ఆదిపర్వంలో, జనమేజయుడి యజ్ఞం దగ్గరికి దేవతల కుక్క సరమ కొడుకు వస్తాడు. రాజు తమ్ముళ్లు కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. ఏదో తప్పు చేసే ఉంటావంటుంది తల్లి. నేను హవిస్సు ముట్టలేదు, దాని వంక చూడను కూడా లేదంటాడు. అప్పుడు సరమ రాజు ముందుకు వచ్చి నిలబడి అడుగుతుంది, నా బిడ్డను ఎందుకు కొట్టారని. వాళ్ల దగ్గర జవాబు లేదు. అనుకోని భయాలు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయని చెప్పి వెళ్లిపోతుంది. నన్నయ కూడా ఈ చిన్న కథను వదిలిపెట్టలేదు. నన్ను పట్టేది శాపం కాదు, దానికి ముందున్న మౌనం. అంత పెద్ద సభలో ఒక తల్లికుక్క అడిగిన ప్రశ్నకు ఒక్కరి దగ్గరా సమాధానం లేకపోవడం.

మహాప్రస్థానంలోది అందరికీ తెలిసిన కథ. స్వర్గం ముందు ఇంద్రుడు రథం ఎక్కమంటాడు, కుక్కను వదిలి రమ్మంటాడు. నన్ను నమ్మి వచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు. అప్పుడా కుక్క ధర్మదేవతగా మారిపోతుంది. చిన్నప్పుడు ఈ చోట ఒళ్లు పులకరించేది. ఇప్పుడు కొంచెం దిగులేస్తుంది. ఆ కుక్క కుక్కగానే ఉండిపోతే బాగుండేదనిపిస్తుంది. పరీక్ష అయిపోగానే అది మాయమైంది. ధర్మరాజుకు ఆ తర్వాత దాని గజ్జి కడగాల్సిన పని లేదు, స్వర్గంలో అది ఎవరినైనా కరిస్తే జవాబు చెప్పాల్సిన పని లేదు. మనం కుక్కను ఇంటికి తెచ్చుకున్నప్పుడు మెచ్చుకోళ్లు అన్నీ ఆ మొదటి ఘడియకే వస్తాయి. కాపాడాడు, గొప్ప మనసు అని. అసలు ధర్మం కుక్క మాయం కాకుండా మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉన్నప్పుడు మొదలవుతుంది. పన్నెండేళ్లో పద్నాలుగేళ్లో ప్రతి పొద్దునా.

చట్టం ఈ విషయంలో పురాణం కంటే నిక్కచ్చిగా ఉంది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పెద్ద గొడవయ్యాక ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవాటిని, దాడికి దిగేవాటిని తప్ప మిగతావాటిని ఆపరేషన్ చేసి, టీకా వేసి పట్టుకున్న చోటే వదలమంది. నవంబరు 7న బళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల నుంచి పట్టినవాటిని మళ్లీ అక్కడే వదలకూడదంది. ఈ ఉత్తర్వుల మీద ఎన్ని వాదనలైనా ఉండొచ్చు. ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో దత్తత గురించి ఉన్న ఒక మాట నాకు ముఖ్యం. కుక్కను దత్తత తీసుకున్నవాళ్లు అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తమదే అని తెలుసుకోవాలి. దయ అన్న మాట లేదు, ప్రేమ అన్న మాట లేదు. తీసుకున్నావు, ఇక తిరిగి ఇవ్వడానికి లేదు. దత్తత అన్న మాటకు మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్న అర్థమే ఇది. కాకపోతే మా వైపు ఆ మాటను మనుషుల పిల్లలకే వాడేవాళ్లం.

ఇంకా బావ మాటకు నేను జవాబు చెప్పనే లేదు. ఒకదాన్ని తీసుకుపోతే మిగిలిన పదకొండు?

చాలా రోజులు నా దగ్గర తెలివైన సమాధానాలు ఉండేవి. అన్నిటినీ కాపాడలేనివాడు ఒకదాన్నీ కాపాడకూడదా, లాంటివి. అవి తప్పు కావు గానీ, చెప్పినవాడిని తప్ప ఎవరినీ ఊరడించవు. చివరికి జవాబు వాదనలో దొరకలేదు. ఫిబ్రవరిలో అక్క పట్టుబట్టి, పశువుల డాక్టరును ఊళ్లోకి పిలిపించి కుక్కలకు రేబిస్ టీకాలు వేయించింది. నేనూ పోయాను. బావ ముందు మూతి ముడుచుకున్నా, కుక్కలను పట్టడానికి తనే వచ్చాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తంటాలు పడితే పదకొండింట్లో ఏడింటికి వేయగలిగాం. నాలుగు దొరకలేదు. దొరకని ఆ నాలుగూ ఎవరి వాకిట్లోనూ తినని కుక్కలు, రాళ్లు తప్ప మనుషుల నుంచి ఇంకేమీ ఎరగని కుక్కలు. దొరికిన ఏడూ అక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పిలిస్తే చేతిలో అన్నం కోసం వచ్చినవి.

చేలగట్టు మీద చేతులు కడుక్కుంటూ బావ అన్నాడు. "జూసినవా, నేను జెప్పిందే. దొరికేది కరవదు." అని కాసేపు ఆగి, "కరిచేదానికే గదా సూది పడాలె" అన్నాడు.

నన్ను రాత్రిళ్లు కూర్చోబెట్టిన ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు. విషం సూదికైనా టీకా సూదికైనా కావాల్సింది ఒకటే, కుక్క మనిషి దగ్గరికి రావడం. నమ్మని కుక్కను చేత్తో చంపలేం, నిజమే. దాని పుండుకు మందు కూడా పెట్టలేం. దానికి ఆపరేషన్ చేయించలేం. దాని వల్ల ఆ పనిమనిషి కొడుకుకు రాగల రేబిస్‌ను ఆపలేం. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకాలు పడుతూ ఉంటే వాటిలో రేబిస్ వ్యాప్తి తెగిపోతుందని, చంపడం వల్ల ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే పిల్లవాడి భద్రతకు అడ్డం కుక్కల నమ్మకం కాదు. ఆ భద్రతకు దారి వాటి నమ్మకం గుండానే పోతుంది. ఒక ఊళ్లో తోక ఊపుకుంటూ వచ్చిన కుక్కలను చంపితే పోయేది ఆ కుక్కలొక్కటే కాదు, రేపు టీకా వేయడానికి ఉన్న ఒకే ఒక దారి కూడా. మిగిలినవి మన చేతి నుంచి ఒక సంగతి నేర్చుకుంటాయి. అది తప్పు పాఠం కూడా కాదు.

కాబట్టి భయం పోగొట్టడం తప్పు కాదు. పోగొట్టాక ఆ భయం చేసే కాపలా పని మన మీద పడుతుంది. ఇన్నాళ్లూ ఎల్లిని కాపాడింది దాని అనుమానం. నేను ఆ అనుమానాన్ని ఉద్యోగంలోంచి తీసేశాను. ఆ ఉద్యోగం ఇప్పుడు నాది.

ఉగాది మర్నాడు ఇది నాకు కళ్లకు కట్టింది. గ్యాస్ బండ వేసి పోతూ కుర్రాడు గేటు సరిగా వేయలేదు. నేను చూసేసరికి ఎల్లి వీధిలో ఉంది. ముక్కూ మొహం తెలియని ఒకతను బండి ఆపుకుని, వంగి, చెయ్యి చాపి పిలుస్తున్నాడు. చేతిలో ఏదో ఉంది. ఎల్లి చెవులు వెనక్కి వాల్చి, నడుమంతా ఊపుకుంటూ అతని వైపు పోతోంది. నేను అరిచిన అరుపుకు వీధిలో ఇద్దరు బయటికొచ్చారు. అతను బెదిరిపోయి లేచి నిలబడ్డాడు. "బిస్కెటన్నా, బిస్కెట్. మా ఇంట్ల గూడ ఉంటది ఇసొంటిదే" అన్నాడు. పాతికేళ్లుండవు. క్షమించమని అడిగాను. అతను నవ్వి, మిగిలిన బిస్కెట్ నా చేతిలో పెట్టి పోయాడు.

అతను మంచివాడు. ఎల్లి అతన్ని సరిగ్గానే అంచనా వేసింది, నేనే తప్పు. అయినా ఆ సాయంత్రం గేటుకు ఇంకో గొళ్లెం వేయించాను. రెండూ సరైనవేనని ఇప్పుడు అనుకుంటున్నాను. అది మనుషులను నమ్మాలి. నేను గేటు చూసుకోవాలి.

ఎల్లి సంతోషంగా ఉందా అని అక్క ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. కుక్క మనసులో ఏముందో నేను చెప్పలేను. తెల్లారి అమ్మ చీపురు తీస్తే దాని వెంబడి ఆడుకుంటూ తిరుగుతుంది, అమ్మ విసుక్కుంటుంది. పాప బడి నుంచి వచ్చే వేళకు గేటు దగ్గర కూర్చుంటుంది. పనిమనిషి కొడుకు ఇప్పటికీ అవతలి పక్క నుంచే పోతాడు గానీ, మొన్న అటువైపు నుంచే "అది కరుస్తదా?" అని అడిగాడు. కరవదని నేను వెంటనే అనలేదు. టీకా వేయించాం, గొళ్లెం ఉంది, నువ్వు రమ్మంటేనే వస్తుంది అన్నాను. వాడు కాసేపు ఆలోచించి పోయాడు. రమ్మనలేదు. తొందరేమీ లేదు. దానికే పదకొండు రాత్రులు పట్టింది.